ఒకే పొడవు గీతలు, వేరువేరు ప్రయాణాలు: విశాఖ నుంచి రాజమండ్రికి, జయపురానికి విమాన లెక్క

విశాఖపట్నం విమానాశ్రయం నుంచి పటం మీద రెండు గీతలు గీసి చూడండి. ఒకటి నైరుతి వైపు, రాజమండ్రి పక్కనున్న మధురపూడి విమానాశ్రయానికి. రెండోది వాయవ్యంగా కొండలు దాటి, ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురం ఎయిర్‌స్ట్రిప్‌కి. మొదటి గీత పొడవు సుమారు 164 కిలోమీటర్లు, రెండోది సుమారు 147. తేడా 17 కిలోమీటర్లు. ఎంత చిన్న విమానానికైనా అది మూడు నాలుగు నిమిషాల పని.

రెండు విమానాశ్రయాల పేర్లు ఇస్తే దూరం, సమయం చెప్పే లెక్కల్లో ఈ రెండు ప్రయాణాలూ దాదాపు కవలపిల్లల్లా కనిపిస్తాయి. ఒకదానికి 42 నిమిషాలు, మరోదానికి 41. విశాఖలో ఉండి రెండు వైపులా తిరిగిన వాళ్లెవరూ ఈ పోలికను ఒప్పుకోరు. రాజమండ్రికి పొద్దున వెళ్లి పని చూసుకుని సాయంత్రానికి ఇంటికి రావచ్చు. జయపురం వెళ్లాలంటే ముందురోజే సంచి సర్దుకోవాలి. లెక్కలో ఒకేలా ఉన్నవి బతుకులో ఇంత వేరుగా ఎందుకున్నాయో తెలియాలంటే, ఆ 164, ఆ 42 ఎక్కడి నుంచి వచ్చాయో ముందు చూడాలి.

దూరం లెక్క పెద్ద రహస్యమేమీ కాదు. ప్రతి విమానాశ్రయానికీ అక్షాంశం, రేఖాంశం ఉంటాయి. విశాఖది 17.72 ఉత్తరం, 83.22 తూర్పు. మధురపూడిది 17.11 ఉత్తరం, 81.82 తూర్పు. అక్షాంశాల తేడా దాదాపు 0.61 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లకు కొంచెం తక్కువ వేసుకుంటే ఉత్తర దక్షిణాల దూరం 68 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా, మరికొన్ని దశాంశాలు తీసుకుంటే, 1.41 డిగ్రీలు. భూమధ్యరేఖ దగ్గర ఒక రేఖాంశ డిగ్రీ కూడా 111 కిలోమీటర్లే, కానీ ఉత్తరానికి వచ్చేకొద్దీ రేఖలు దగ్గరపడతాయి కాబట్టి మన అక్షాంశం దగ్గర అది 106కి తగ్గుతుంది. అంటే తూర్పు పడమరల దూరం 149 కిలోమీటర్లు. ఇక బడిలో నేర్చుకున్న లంబకోణ త్రిభుజమే. 68 వర్గం, 149 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 164 వస్తుంది.

భూమి గుండ్రంగా ఉంది కదా, ఈ లెక్క చెల్లుతుందా అన్న అనుమానం సహజం. విశాఖ నుంచి లండన్‌కి ఇలా లెక్కేస్తే చాలా తప్పు వస్తుంది. ఇంత దగ్గరి ఊళ్ల మధ్య మాత్రం వంపు వల్ల వచ్చే తేడా లెక్కలోకి రాదు. జాగ్రత్త పడాల్సింది మైళ్ల దగ్గర. విమానయానంలో వాడేది నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. మామూలు మైలు 1,609 మీటర్లు. మన 164 కిలోమీటర్లు ఒక కొలతలో 102 మైళ్లు, ఇంకో కొలతలో 88న్నర. రెండూ పక్కపక్కనే కనిపించినప్పుడు ఏ మైలో చూడకుండా వేగంతో భాగిస్తే సమయం తలకిందులవుతుంది.

ఇప్పుడు ఆ గీతల కింద ఏముందో చూద్దాం. అసలు సంగతి అక్కడే ఉంది.

రాజమండ్రి గీత గాజువాక దాటి, అనకాపల్లికి కాస్త దక్షిణంగా వెళ్లి, సరిగ్గా ఎలమంచిలి నెత్తి మీదుగా సాగుతుంది. తునికి ఏడెనిమిది కిలోమీటర్ల ఉత్తరంగా, జగ్గంపేట పక్క నుంచి గోదావరి వైపు దిగుతుంది. ఈ పేర్లన్నీ హైవే మీద బస్సు కిటికీలోంచి చదివినవే. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి, పక్కనే రైలు పట్టాలు, రెండూ దాదాపు ఆ గీతను పట్టుకునే నడుస్తాయి. సముద్రానికీ కొండలకూ మధ్య మైదానం ఉంది కాబట్టి దారి వేసినవాళ్లు పెద్దగా వంకర తిరగాల్సిన అవసరం పడలేదు. విశాఖ నుంచి రాజమండ్రికి రైలు దూరం 201 కిలోమీటర్లు. ముక్కుసూటి దూరంతో పోలిస్తే 1.2 రెట్లు.

జయపురం గీత వేరే లోకం. పెందుర్తి పక్క నుంచి లేచి, అనంతగిరి కొండల మీదుగా వెళ్లి, సరిగ్గా అరకు లోయ మీదుగా సాగుతుంది. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. చుట్టూ ఉన్న కొండలు ఇంకా ఎత్తు. గీతకు తూర్పుగా, కొరాపుట్ జిల్లాలో ఉన్న దేవమాలి శిఖరం 1,672 మీటర్లు. రోడ్డు ఆ గీత వెంట పోలేదు. విజయనగరం వైపు వెళ్లి, సాలూరు దాకా మైదానంలో సాగి, అక్కడి నుంచి ఘాట్ ఎక్కి, కొరాపుట్ మీదుగా జయపురం చేరాలి. మొత్తం 220 కిలోమీటర్ల దాకా వస్తుంది, అంటే ముక్కుసూటి దూరానికి 1.5 రెట్లు. అంతకన్నా పెద్ద సంగతి వేగం. సాలూరు దాటాక మలుపుల్లో ముందు ఇనుప ఖనిజం లారీ ఉంటే గేరు రెండు దాటదు. రైలు ఉంది, అరకు మీదుగా కిరండూల్ వెళ్లే లైను. ఆ లైనులో 58 సొరంగాలున్నాయంటే ఆ కొండలు ఎలాంటివో అర్థమవుతుంది. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీలో కూర్చుని చూడడానికి అంతకన్నా అందమైన దారి లేదు. అత్యవసరంగా వెళ్లాల్సిన వాళ్లకు మాత్రం ఆ నిదానమే భారం.

కాబట్టి రెండు విమానాశ్రయాల మధ్య దూరం అడిగేవాళ్లు ఇంకో ప్రశ్న కూడా అడగాలి. నేల మీద దారి ఈ గీతకు ఎన్ని రెట్లు, ఏ వేగంతో? విజయవాడ విషయంలోనూ ఇదే పరీక్ష పెట్టవచ్చు. గన్నవరానికి ముక్కుసూటిగా 290 కిలోమీటర్లు, రైలు దూరం 350. మళ్లీ 1.2 రెట్లే. కోస్తా మైదానం అంతటా ఈ సంఖ్య పెద్దగా మారదు. కొండ అడ్డొస్తేనే పెరుగుతుంది.

ఇక 42 నిమిషాల సంగతి. చాలా లెక్కల్లో వాడే సూత్రం ఒకటే. దూరాన్ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగించి, లేవడానికీ దిగడానికీ ఓ అరగంట కలపడం. 164ని 800తో భాగిస్తే 12 నిమిషాలు, దానికి 30 కలిపితే 42. వచ్చిన జవాబు నిజానికి దగ్గరగానే ఉంది. దారి మాత్రం తప్పు. ఇంత చిన్న దూరంలో ఏ విమానమూ 800 కిలోమీటర్ల వేగం అందుకోదు. చిన్న విమానాశ్రయాల మధ్య ఎక్కువగా తిరిగే పంకాల విమానం ఏటీఆర్ 72 గరిష్ఠంగా వెళ్లేదే గంటకు 510 కిలోమీటర్ల దగ్గర.

ఏటీఆర్‌లో విశాఖ నుంచి మధురపూడికి వెళ్తున్నామని అనుకుని నిమిషం నిమిషం చూద్దాం. విమానం 14,000 అడుగులకు ఎక్కుతుందనుకుందాం. నిమిషానికి సగటున 1,200 అడుగుల చొప్పున ఎక్కినా దానికి 12 నిమిషాలు పడుతుంది. ఆ లోపు ముందుకు 37 నాటికల్ మైళ్ల దాకా వెళ్లిపోతుంది. దిగడం ఇంకా నెమ్మది. విమానం మూడు డిగ్రీల వాలులో దిగుతుంది, అంటే ముందుకు సాగే ఒక్కో నాటికల్ మైలుకు 300 అడుగుల పైచిలుకు కిందికి. 14,000 అడుగుల నుంచి నేలకు రావడానికి 45 నాటికల్ మైళ్లు కావాలి. 37, 45 కలిపితే 82. మొత్తం దూరం 88న్నర. ఎక్కడమూ దిగడమూ లేకుండా ఒకే ఎత్తులో ఎగిరేది ఆరు నాటికల్ మైళ్లు, ఒకటిన్నర నిమిషం. ఎయిర్‌హోస్టెస్ మంచినీళ్ల ట్రాలీ బయటకు తీసేలోపే సీటు బెల్టు గుర్తు మళ్లీ వెలుగుతుంది. గాల్లో ఉండేది మొత్తం అరగంటకు కాస్త పైన.

దీన్నిబట్టి ఒకటి తేలుతుంది. దగ్గరి ఊళ్లకు విమానం వేగంతో పెద్దగా పనిలేదు. ఇదే దారిలో ఏటీఆర్ బదులు ఎయిర్‌బస్ పెట్టినా ఆదా అయ్యేది అయిదారు నిమిషాలే. ఎక్కడం దిగడంలోనే ప్రయాణం అయిపోతుంటే, పై వేగం ఎంతున్నా వాడుకునే చోటు లేదు.

ఇక గాలి. విమానం సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తుంది. విశాఖ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది, దిశల లెక్కలో 10, 28. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి గాలి ఉన్నప్పుడు 28 వైపు, అంటే పడమరకు లేస్తుంది. రాజమండ్రి ఉన్న దిశకు అది దగ్గరే. కాస్త ఎడమకు తిరిగితే దారిలో పడుతుంది. తుపాన్ల కాలంలో తూర్పుగాలి మొదలయ్యాక ఎదురుగా సముద్రం వైపు లేవాలి, పోర్టు దాటి, నీళ్ల మీద చుట్టి వెనక్కి రావాలి. పటంలో గీత అలాగే ఉంటుంది, విమానం తిరిగిన దూరం మాత్రం పది పదిహేను కిలోమీటర్లు పెరుగుతుంది. 164లో అది చిన్న సంగతి కాదు. ఢిల్లీ విమానానికి ఆ చుట్టు లెక్కలోకే రాదు.

విశాఖకు మరో ప్రత్యేకత ఉంది. ఈ రన్‌వే నౌకాదళానిది. నావల్ ఎయిర్ స్టేషన్ పేరు ఐఎన్‌ఎస్ డేగ, మన డేగే. తూర్పు నౌకాదళం పెట్టుకున్న ఆ తెలుగు పేరు వింటే విశాఖవాళ్లకు కాస్త గర్వంగానే ఉంటుంది. పౌర విమానాలు ఒక పక్క టెర్మినల్ వాడుకుంటాయి. ఆకాశం అదుపు నౌకాదళం చేతిలో ఉంటుంది. శిక్షణ విమానాలు తిరిగే వేళల్లో పౌర విమానాలకు స్లాట్లు సర్దుబాటు చేసుకోవాలి. అందుకే విమానయాన సంస్థలు షెడ్యూల్లో గాల్లో ఉండే సమయం వేయవు, బ్లాక్ టైమ్ వేస్తాయి. చక్రాల కింద పెట్టిన అడ్డుదిమ్మలు ఇక్కడ తీసిన క్షణం నుంచి అక్కడ మళ్లీ పెట్టేదాకా పట్టే సమయం అది. రన్‌వే దాకా నెమ్మదిగా నడవడం, టవర్ అనుమతి కోసం ఆగడం, దిగాక టెర్మినల్ దాకా రావడం అన్నీ అందులోనే. అరగంట ప్రయాణం అలా 45, 50 నిమిషాలవుతుంది. 290 కిలోమీటర్ల విజయవాడకూ గంటకు అటూ ఇటూ వేస్తారు. దూరం 126 కిలోమీటర్లు పెరిగితే సమయం పెరిగింది పావుగంటే. ఒకసారి పైకెక్కాక కిలోమీటర్లు చవక.

ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి లెక్కేస్తే రాజమండ్రి దారిలో విమానం ఎక్కడ నిలుస్తుందో తెలుస్తుంది. ఎంవీపీ కాలనీలో ఉన్న మనిషి రాజమండ్రి దానవాయిపేటలో ఉన్న అక్క ఇంటికి బయలుదేరాడనుకుందాం. ఎన్‌ఏడీ జంక్షన్ దాటి విమానాశ్రయం చేరడానికి 40 నిమిషాలు. కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి గంటా పావు ముందుండాలి. విమానంలో 50 నిమిషాలు. బెల్టు మీద సూట్‌కేసు వచ్చేదాకా పావుగంట. మధురపూడి ఊరికి దూరంగా ఉంది, అక్కడి నుంచి దానవాయిపేటకు మరో 35 నిమిషాలు. మొత్తం మూడున్నర గంటలు దాటింది. అదే మనిషి పొద్దున్నే వందే భారత్ ఎక్కితే స్టేషన్‌కి 25 నిమిషాలు, ప్లాట్‌ఫారం మీద ఓ 15, రైల్లో రెండు గంటలకు అటూ ఇటూ, దిగాక ఆటోలో పది నిమిషాలు. దాదాపు మూడు గంటల్లో అక్క చేతి కాఫీ తాగుతుంటాడు. సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ 2023 జనవరి 15న మొదలయ్యాక ఈ పోటీలో విమానానికి మిగిలిన కాస్త చోటు కూడా పోయింది. మామూలు సూపర్‌ఫాస్ట్ అయినా దాదాపు విమానంతో సమానంగా చేరుస్తుంది. కారులో వెళ్లినా దాదాపు విమానం పట్టినంతే పడుతుంది.

మధురపూడి విమానాశ్రయం పనికిరానిదని దీని అర్థం కాదు. దాని రన్‌వేను మూడు కిలోమీటర్ల పైకి పొడిగించింది విశాఖ కోసం కాదు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై లాంటి దూరపు ఊళ్లకు గోదావరి జిల్లాల వాళ్లను నేరుగా చేర్చడం దాని పని, ఆ పని బాగానే చేస్తోంది. హైదరాబాద్ నుంచి విశాఖ ముక్కుసూటిగా 512 కిలోమీటర్లు, రైల్లో ఒక రాత్రి ప్రయాణం. అక్కడ విమానం గెలుపు మీద ఎవరికీ సందేహం లేదు.

జయపురం వైపు ఇదే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అక్కడి రన్‌వే 1,200 మీటర్ల దగ్గర, ఏటీఆర్‌కి ఇబ్బంది. 2022 అక్టోబరు 31న భువనేశ్వర్ నుంచి ఇండియావన్ ఎయిర్ తొమ్మిది సీట్ల సెస్నా గ్రాండ్ కారవాన్‌తో అక్కడికి సర్వీసు మొదలుపెట్టింది. తర్వాత జయపురాన్ని విశాఖతోనూ కలిపారు. కారవాన్‌కి ఒకటే ఇంజిన్, ముందు ఒకటే పంకా. వేగం గంటకు 300 కిలోమీటర్ల దగ్గర, అంటే ఏటీఆర్‌లో సగానికి కాస్త పైన. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పెంచే ఏర్పాటు లేదు కాబట్టి 10,000 అడుగుల దగ్గరే ఎగరాలి. కిందున్న కొండలు 5,000 అడుగుల పైకి వస్తాయి. కిటికీలోంచి అరకు పొలాల గట్లు లెక్కపెట్టవచ్చు. ఇంత చిన్న విమానంలో బరువు చాలా ముఖ్యం. సంచినే కాదు, మనిషిని కూడా తూకం వేసి, ఎవరు ముందు ఎవరు వెనుక అన్నది దాన్నిబట్టి నిర్ణయిస్తారు.

గాల్లో 40 నిమిషాలు, బ్లాక్ టైమ్ 50 అనుకుంటే, ఎంవీపీ కాలనీ నుంచి జయపురంలో ఇంటికి మూడు గంటల లోపు. రోడ్డు మీద ఆరు గంటలు. ఇక్కడ విమానం ఆదా చేసేది మూడు గంటలు, పైగా ఘాట్ రోడ్డు కుదుపులు లేకుండా. రాజమండ్రి దారిలో ఏటీఆర్ చేయలేని పని ఇక్కడ అంతకన్నా నెమ్మదైన విమానం చేయగలదు.

చిక్కు వాతావరణంతో వస్తుంది. జయపురం ఎయిర్‌స్ట్రిప్‌కి లైసెన్సు వచ్చింది కళ్లతో చూస్తూ దిగే పద్ధతికే. రన్‌వే కనబడాలి, మేఘాలు పైన ఉండాలి, పగలై ఉండాలి. డిసెంబరు ఉదయం లోయలో పాలు పోసినట్టు పొగమంచు నిండితే ఎండ వచ్చి విడిపోయేదాకా కదలడానికి లేదు. జులై, ఆగస్టుల్లో కొండలను కౌగిలించుకున్న మేఘాలు రోజుల తరబడి విడవవు. వేసవిలో ఇంకో ఇబ్బంది. ఎయిర్‌స్ట్రిప్ దాదాపు 600 మీటర్ల ఎత్తులో ఉంది. ఎండకు గాలి పలచబడితే రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్ శక్తీ తగ్గుతుంది, అదే రన్‌వే పొట్టిదైనట్టు అవుతుంది. అందుకే 41 నిమిషాలు అన్న సంఖ్య పక్కన ఏ నెలలో, ఏ గంటకు అన్నది కూడా రాయాలి. కొండ దారిలో అది లేని సమయం సగం సమాచారమే.

చిన్న ఊళ్లకు రాయితీతో విమానాలు నడిపే కేంద్రం ఉడాన్ పథకాన్ని 2016 అక్టోబరులో ప్రకటించినప్పుడు 200 నుంచి 800 కిలోమీటర్ల మధ్య దారులకు వర్తిస్తుందన్నారు. కొండ ప్రాంతాలు, మారుమూల చోట్లు, ద్వీపాలకు మాత్రం కింది పరిమితి పెట్టలేదు. ఆ ఒక్క మినహాయింపులో చాలా అవగాహన ఉంది. మైదానంలో 150 కిలోమీటర్లకు సబ్సిడీ ఇస్తే ప్రజాధనంతో రైలుకు పోటీ పెట్టినట్టు. కొండల్లో అదే 150 కిలోమీటర్లకు ఇస్తే లేని దారి వేసినట్టు. ఏ దారికి సీటు రాయితీ ఇవ్వాలన్నది కిలోమీటర్లతో కాకుండా నేల మీద పట్టే గంటలతో తేల్చాలి. గంటల లెక్క వేసే ఏ పట్టికలోనైనా జయపురం పైన ఉంటుంది, రాజమండ్రి కింద.

ఇందులో ఎవరి అవసరం ఉందో విశాఖవాళ్లకు బాగా తెలుసు. విశాఖలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో ఓపీ ముందు వరుసలో నిలబడితే ఒడియా, ఆదివాసీ భాషలు వినిపిస్తూనే ఉంటాయి. కొరాపుట్, మల్కనగిరి వైపు నుంచి పెద్ద జబ్బు వస్తే జనం దిగేది విశాఖకే. భువనేశ్వర్ వాళ్లకు రాజధాని, కానీ రోడ్డు మీద అది విశాఖకు రెట్టింపు పైన దూరం. తొమ్మిది సీట్ల విమానం వాళ్లందరినీ మోయలేదు, టికెట్ కొనగలిగేదీ కొందరే. అయినా ఒక వైద్యుడు పొద్దున వెళ్లి, రోగులను చూసి, సాయంత్రానికి తిరిగి రాగలిగే దారి ఒకటుండడం ఆ జిల్లాకు చిన్న విషయం కాదు.

విశాఖ విమానాలు భోగాపురానికి మారితే ఈ లెక్కలు మళ్లీ కదులుతాయి. 2023 మే 3న శంకుస్థాపన జరిగిన అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం నగరం నుంచి ఈశాన్యంగా 45 కిలోమీటర్ల దూరంలో, విజయనగరం జిల్లాలో ఉంది. రన్‌వే 3,800 మీటర్లు. నౌకాదళం వేళలతో సర్దుకునే పని పోతుంది, అది పెద్ద లాభం. అక్కడి నుంచి రాజమండ్రి గీత 200 కిలోమీటర్లు దాటుతుంది, జయపురం గీత మాత్రం 140 దగ్గరే ఉంటుంది. గాల్లో ఈ మార్పు నిమిషాల్లోనే. నేల మీద అలా కాదు. గాజువాక, అనకాపల్లి వాళ్లు పడమర వైపు ప్రయాణానికి ముందు నగరమంతా దాటి తూర్పుకు వెళ్లాలి.

కొండల వైపు నుంచి కూడా ఒక మార్పు వస్తోంది. రాయ్‌పూర్–విశాఖ ఆరు వరసల రహదారి, 464 కిలోమీటర్లు, తూర్పు కనుమల కింద సొరంగంతో కొరాపుట్ జిల్లాను దాటి వస్తుంది. అది తెరిస్తే 1.5 రెట్లన్న సంఖ్య తగ్గుతుంది, ఘాట్ మలుపుల దగ్గర పోయే గంటలు ఇంకా తగ్గుతాయి. అయితే ఆ రోడ్డు వచ్చి తగిలేది సబ్బవరం దగ్గర, నగరానికి పడమట. ఇప్పటి విమానాశ్రయం అక్కడి నుంచి దగ్గరే. భోగాపురం మాత్రం నగరానికి అవతలి పక్కన ఉంది. కొరాపుట్ నుంచి హైదరాబాద్ విమానం అందుకోవడానికి ఆ రోడ్డు మీద దిగివచ్చిన కుటుంబం సబ్బవరం నుంచి పెందుర్తి, ఆనందపురం మీదుగా మళ్లీ ఒక గంట కారులో కూర్చోవాల్సి ఉంటుంది.